ఏడు శనివారాల బండి

దేవసహాయానికి కోపం ముక్కు మీదే ఉంటుందని అమలాపురం టాక్సీ స్టాండులో అందరూ అంటారు. ముక్కు మీద ఉంటే తుమ్మితే పోయేది. ఆయన కోపం చేతుల్లో ఉంటుంది. బండి తుడిచేటప్పుడు చూడాలి, ఎవరి మీదో కక్ష తీర్చుకుంటున్నట్టు తుడుస్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తెల్ల చొక్కా తప్ప వేయడు. ఆ చొక్కా మీద మరక ఉండదు, ఆయన ఏడు సీట్ల తెల్ల బండి మీదా ఉండదు. అలాంటి మనిషి బండిలో కుక్కల్ని తిప్పుతాడంటే కొత్తవాళ్ళు నమ్మరు.

తిప్పుతాడు. పన్నెండేళ్ళుగా అదే పని. సూదిమందుకీ టీకాకీ దగ్గర్లో ఎక్కడో ఒకచోట చూపించుకోవచ్చు గానీ, ఆపరేషను దాకా వస్తే కుక్కని కాకినాడ తీసుకుపోతారు జనం. తీసుకుపోవడానికి బండేదీ? మనిషికైతే పది బండ్లు. కుక్క అనగానే డ్రైవర్లందరికీ అర్జెంటు పనులు గుర్తొస్తాయి.

ఆయన మొదలెట్టింది కూడా కోపంతోనే. పిల్లల్ని పెట్టలేక అవస్థ పడుతున్న కుక్కని చేతుల మీద ఎత్తుకుని ఒకాయన స్టాండుకి వచ్చాడు. వరసలో ముందున్న నాగసతీష్, "కుక్క ఎక్కిన బండిలో మళ్ళీ మనుషులెక్కుతారేంటండీ?" అన్నాడు. మిగతావాళ్ళు పళ్ళికిలించారు. ఆ నవ్వుకి దేవసహాయానికి ఒళ్ళు మండింది. "ఎందుకెక్కరు? ఇవాళ దీన్ని ఎక్కిస్తాను, వారం తిరక్కుండా పెళ్ళివారిని ఎక్కిస్తాను. చూద్దురు గాని," అని తలుపు తీశాడు.

ఆ ఒక్క ట్రిప్పుతో సీటు నాశనమైపోయింది. మూడు రోజులు కంపు వదల్లేదు. చర్చికి ఆ బండిలో రానని భార్య సుగుణ నడుచుకుంటూ వెళ్ళింది. ఆ మూడు రోజులూ పంతం పట్టి కడిగాడు, తుడిచాడు, ఎండబెట్టాడు, మళ్ళీ కడిగాడు. పెళ్ళివారిని ఎక్కించాడు కూడా. అలా పంతానికి నేర్చుకున్నది రానురాను పెద్ద శాస్త్రమైపోయింది.

శాస్త్రమంటే నిజంగా శాస్త్రమే. బయల్దేరే ముందు నాలుగు గంటలు కుక్కకి తిండి పెట్టకూడదు. ఎక్కే ముందు పది నిమిషాలు తిప్పి రెండు పనులూ చేయించాలి. ఒళ్ళు దువ్వే పని బండి బయటే అయిపోవాలి. నాలుగు కాళ్ళూ ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. లంక మట్టి ఒకసారి మ్యాటుకి పట్టిందంటే సున్నపు గోడకి పేడ పట్టినట్టే. మధ్య వరసలో, ముందు సీట్ల తలల నుంచి ఆ వరస సీట్ల తలల దాకా ధాన్యం ఆరబోసుకునే పట్టా ఉయ్యాలలా కడతాడు. దాని మీద కొబ్బరిపొట్టు నింపి కుట్టిన గోనెసంచి, సంచి మీద ఉతికిన నేత దుప్పటి. కుక్క ఏం చేసినా దుప్పటి దాటి కొబ్బరిపొట్టులో ఇంకాలి గానీ సీటు దాకా పోకూడదు. బ్రేకు వేస్తే ముందుకి పడకుండా భుజాలకి పట్టీ.

బండి వెనక రెండు ప్లాస్టిక్ పెట్టెలుంటాయి. ఎడమది శుభ్రమైనవాటికి: తువ్వాళ్ళు, పాత పేపర్లు, నీళ్ళ సీసా, స్టీలు గిన్నె. కుడిది మూత గట్టిగా పడేది, మురికివాటికి. ఎడమ పెట్టెలోది కుడి పెట్టెలోకి పోవచ్చు గానీ, కుడిదానిలోది ఉతక్కుండా ఎడమకి రాకూడదు. తిరిగొచ్చాక రబ్బరు తొడుగు కొద్దిగా తడిపి సీటు మీద ఒకే వైపుకి రుద్దితే వెంట్రుకలన్నీ ఉండకట్టి వస్తాయి. తడిసిన చోట రుద్దకూడదు, అద్దాలి. తర్వాత వెనిగరు కలిపిన నీళ్ళు. ఆరాక వంటసోడా చల్లి, కాసేపుంచి దులపాలి. తలుపులన్నీ తీసి బండిని నీడలో పెట్టాలి, ఎండలో పెడితే కంపు సీట్లోనే ఉడికిపోతుంది. సెంటు మాత్రం కొట్టకూడదు. "కంపు మీద సెంటు కొడితే రెండు కంపులవుతాయండీ," అంటాడు.

ఇంత చేసినా కుక్కల మీద ఏనాడూ విసుక్కోలేదు. విసుగంతా వాటిని పెంచేవాళ్ళ మీదే. "పొద్దున్నించీ ఏమీ పెట్టలేదండీ," అని ఒట్టేసి చెబుతారు. ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి దాని కడుపులోంచి పెరుగన్నం పలకరిస్తుంది. అప్పుడు చూడాలి దేవసహాయాన్ని. కుక్కకి మూతి తుడిచి, నీళ్ళు పట్టి, యజమాని వైపు తిరిగి, "ఇది కక్కేసిందండీ. మీరు కక్కాల్సిన నిజం ఇంకా లోపలే ఉందండీ," అంటాడు. కోనసీమలో ఎంత కోపం వచ్చినా 'అండీ' మాత్రం పోదు.

స్టాండులో ఆయనకి కుక్కల దేవసహాయం అని పేరు పెట్టారు. మొదట్లో మండిపడేవాడు, తర్వాత అలవాటైపోయింది. ఎందుకంటే శుక్రవారం కుక్కని దింపి వచ్చిన బండిలోనే శనివారం తెల్లారకుండా పట్టుచీరలవాళ్ళు వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఏడు శనివారాలు వరసగా వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేసే మొక్కు ఉంది కదా, ఆ మొక్కు బేరాలన్నిట్లో సగం ఆయనవే. ఇన్నేళ్ళలో ఒక్క చీరకి ఒక్క వెంట్రుక అంటలేదు.

ముక్తేశ్వరం సూర్యకుమారిగారు కూడా అలాంటి మొక్కుతోనే ఆయన్ని పిలిపించారు. ఆవిడ భర్త గంగాధరరావుగారికి గుండె ఆపరేషనైంది. క్షేమంగా బయటపడితే ఏడు శనివారాలు వస్తానని ఆవిడ మొక్కుకున్నారు. సొంత కారుంది గానీ, స్టీరింగు పట్టుకోవద్దని డాక్టర్లు రావుగారికి చెప్పారు.

"నీ బండి అద్దంలా ఉంటుందని అందరూ చెప్పేరు దేవసహాయం. ఇంకో బండి ఎక్కబుద్ధి కాలేదు," అన్నారు సూర్యకుమారిగారు, అరుగు మీద కుర్చీ వేయించి.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పెరగదా మరి? ఆయన తండ్రి ఆ ఇంటివారి తోటల్లోనే బతుకంతా కొబ్బరికాయలు మోశాడు. అరుగు దాకా వచ్చేవాడు గానీ అరుగు ఎక్కేవాడు కాదు. ఎక్కమన్నవాళ్ళూ లేరు. ఆ అరుగు మీదే కొడుక్కి కుర్చీ వేసి, నీ బండి శుభ్రమని ఆ ఇంటి ఇల్లాలు తన నోటితో చెబుతోంది.

"ఒక్కటే మాట. నీకు కుక్కల బేరాలున్నాయట కదా," అన్నారావిడ.

"ఉన్నాయండి. కానీ కడిగేస్తానండి. మీకు ఆనవాలు కూడా..."

"కడుగుతావు, నాకు తెలుసు. అయినా మొక్కు కదా. ఈ ఏడు వారాలూ బండిలో కుక్క ఎక్కకుండా చూడు. నా మనసుకి పట్టింపు."

దేవుడు పెట్టని షరతు అది. వాడపల్లి వెళ్ళొచ్చిన ఏ భక్తుణ్ణి అడిగినా కుక్కల ఊసు ఉండదు. అది ఆవిడ సొంత పట్టింపు. దేవసహాయం ఆ ముక్క అనలేదు. కుర్చీలో కూర్చున్నవాడు కదా.

"ఆయ్, అలాగేనండీ. ఎక్కించనండీ. మాట ఇచ్చేస్తున్నానండి," అన్నాడు.

ఇంటికొచ్చి పట్టా, గోనెసంచి, దుప్పట్లు, రెండు పెట్టెలు అన్నీ ఉతికి, ఆరబెట్టి, అటక మీద పెట్టాడు. అక్కడితో ఆగాడా అంటే లేదు. చేపలు తేవడానికి కూడా బండి తీయనన్నాడు. సుగుణ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఈస్టరు ముందు శ్రమదినాల నలభై రోజులూ నోరు కట్టుకోమంటే నాలుగో రోజుకి చేపల పులుసు గుర్తొస్తుంది మీకు. వాళ్ళ మొక్కుకి మన బండి ఉపవాసం ఉంటోందా?" అంది. ఆయన వినిపించుకోలేదు.

రెండో వారంలో రాజోలు నుంచి ఫోనొస్తే కుదరదన్నాడు. నాలుగో వారంలో కొత్తపేట నుంచి వస్తే కుదరదన్నాడు. రెండూ టీకాల బేరాలు, వాయిదా వేసుకోవచ్చు. కొంప మునగలేదు. శనివారం రాగానే బండి తళతళలాడుతూ ముక్తేశ్వరం వెళ్ళేది, రావుగారినీ అమ్మగారినీ కోడలు హారికనీ ఎక్కించుకునేది. రావులపాలెం మీదుగా పోయి, లొల్ల లాకుల దగ్గర కాలవ గట్టు రోడ్డు పట్టేసరికి సూర్యకుమారిగారు ఎవరితోనో ఫోన్లో, "మా దేవసహాయం బండిలోనే వస్తున్నాం," అనేవారు. 'మా' అన్నప్పుడల్లా ఆయన అద్దంలో తన మొహం తాను చూసుకునేవాడు.

ఆరో శనివారానికి ముందు రోజు, పొద్దున్న తొమ్మిది గంటలకి రత్నమాల టీచరు ఫోన్ చేసింది.

రత్నమాల టీచరు అంటే ఆ ఇంట్లో ప్రార్థన తర్వాత తలచుకునే పేరు. దేవసహాయం కూతురు క్రిస్టీనాకి లెక్కలంటే చలిజ్వరం వచ్చే రోజుల్లో, ఆ పిల్లని రెండేళ్ళు తన ఇంట్లో పెట్టుకుని చదివించింది. క్రిస్టీనా ఇప్పుడు రాజోలులో తనే లెక్కలు చెబుతోంది. టీచరు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై కాట్రేనికోనలో ఒక్కతే ఉంటోంది. ఆవిడకి తోడు జాకీ. జాకీ ఊరకుక్కే. ఎర్రగా, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. టీచరు దాన్ని రోడ్డు మీద నుంచి తెచ్చి పెంచింది. నాలుగైదుసార్లు దేవసహాయం బండెక్కింది. ఎక్కే ముందు కాళ్ళు తుడుస్తారని దానికి తెలుసు. తలుపు దగ్గర నిలబడి ఒక్కో కాలూ తనే ఎత్తి ఇచ్చేది. అలా చేసిన కుక్కని దేవసహాయం ఇంకోదాన్ని చూడలేదు.

"జాకీని రొయ్యల ఐసు వ్యాను గుద్దేసింది దేవసహాయం. వెనక కాళ్ళు లేవట్లేదు, రొప్పుతోంది. తొందరగా రా," అంది టీచరు.

"అయ్యో. టీచరుగారండీ..."

"రాత్రి నించీ ఏమీ పెట్టలేదులే. నెత్తురు కూడా లేదు, లోపల ఏదో అయింది. దుప్పటి నేనే తెచ్చుకుంటాను. నీ బండేం పాడవదు."

ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా ఆవిడ ఆయన బండి గురించే ఆలోచించింది. ఆ మాటకైనా మనిషన్నవాడు కదలాలి. దేవసహాయం కదల్లేదు.

"అది కాదండీ టీచరుగారండీ. రేపు ఆరో శనివారమండి. ముక్తేశ్వరం అమ్మగారికి మాటిచ్చేనండి, మొక్కు తీరేదాకా కుక్కని ఎక్కించనని. ఇంకొక్క వారమండి. ఇంకో బండి చూసి పంపిస్తానండి, ఇప్పుడే పంపిస్తానండి."

అవతల నుంచి జాకీ రొప్పడం మాత్రం వినపడింది. తర్వాత టీచరు "సరే" అని పెట్టేసింది.

ఆయన నాగసతీష్‌కి ఫోన్ చేశాడు, ఇంకో ఇద్దరికి చేశాడు. కుక్క అనగానే ముగ్గురికీ పనులు గుర్తొచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి టీచరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏదో దొరికి ఉంటుందిలే అనుకున్నాడు. అలా అనుకోవడం ఎంత సుళువో! అనుకుని బకెట్టు పట్టుకుని, అసలే శుభ్రంగా ఉన్న బండిని ఇంకోసారి కడిగాడు.

శనివారం వాడపల్లి వెళ్ళొచ్చాక సాయంత్రం క్రిస్టీనా ఫోన్ చేసింది. టీచరుకి గంటకి పైగా వెతికితే ఒక ఆటో దొరికిందట. కుక్కని గోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటేనే ఎక్కనిస్తానన్నాడట. మురమళ్ళ దగ్గరికొచ్చేసరికి గోనె తడిసింది. ఆటోవాడు సీటు పాడవుతుందని ఇద్దర్నీ దింపేసి పోయాడు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, అరవై ఆరేళ్ళ మనిషి, నడిరోడ్డు పక్కన మూసిన కొట్టు ముందు కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొబ్బరిబొండాలమ్మే అతను దాని నోట్లో నీళ్ళు పోశాడు. అది గుటక వేయలేదు. చివరికి బొండాలన్నీ దింపేసి, తన తోపుడు బండి మీదే దాన్ని వేసుకుని, కాట్రేనికోన దాకా తోసుకొచ్చాడట.

"ఎన్ని కుక్కల్ని ఎక్కించుకున్నారు నాన్నా మీరు! జాకీని ఎందుకు వద్దన్నారు?" అంది క్రిస్టీనా.

దేవసహాయం ఫోన్ పెట్టేసి తిట్లు మొదలెట్టాడు. ఆటోవాణ్ణి తిట్టాడు. సీటు పాడవుతుందని ప్రాణాన్ని రోడ్డు మీద దింపేస్తాడా? వాడి సీటు తగలెట్ట. ఐసు వ్యాను నడిపినవాణ్ణి తిట్టాడు. నాగసతీష్‌ని ఏడు తరాలకీ తిట్టాడు. తిట్టడానికి స్టాండు డ్రైవర్లు అయిపోతే రొయ్యల చెరువుల్ని, వాటికోసం పడ్డ రోడ్లని, రోడ్ల మీద తిరిగే ఐసుని కూడా తిట్టాడు.

సుగుణ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "అందర్నీ అయిందా? ఒకర్ని మర్చిపోయేరు," అంది.

ఆయన కంచం తోసేసి లేచాడు.

ఆ వారం టీచరింటికి వెళ్ళలేదు. వెళ్ళాలని బండి తీస్తాడు, మళ్ళీ పెడతాడు. మొహం చెల్లక వెళ్ళలేదని ఒప్పుకోవడానికి నోరు రాదు. మాటంటే మాటే కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. మొక్కు మొక్కే కదా, దేవుడెవరైనా మొక్కు మొక్కే, ఎదుటివాళ్ళ నిష్ఠ చెడగొట్టకూడదు కదా అని చెప్పుకున్నాడు. ఇన్ని 'కదా'లు కావాల్సొచ్చాయంటేనే అందులో పస లేదని తెలుస్తోంది. అయినా అవి పట్టుకునే ఏడో శనివారం దాకా ఈదుకొచ్చాడు.

ఏడో శనివారం ఉదయం ముక్తేశ్వరంలో బండి ఆగింది. రావుగారు ముందు సీట్లో కూర్చున్నారు. సూర్యకుమారిగారు పూలబుట్టతో వచ్చారు. వెనకే హారిక. ఆ పిల్ల చేతుల్లో గులాబీరంగు తువ్వాలు. తువ్వాల్లోంచి తెల్లటి బొచ్చు తల ఒకటి బయటికొచ్చి, దేవసహాయాన్ని చూసి కుయ్యిమంది.

దేవసహాయం తలుపు మీంచి చెయ్యి తీయలేదు. "అదేంటండీ అమ్మగారండీ?"

"మా బన్నీ. పనిచేసే సుందరి ఊరెళ్ళింది. ఇంటికి తాళం పెట్టేస్తున్నాం కదా, ఒక్కతీ ఎలా ఉంటుంది పాపం."

"కుక్కండి అది."

సూర్యకుమారిగారు నవ్వారు. "కుక్కేంటి దేవసహాయం! నిన్ననే షాంపూ పెట్టి తలంటేను. మా మంచం మీదే పడుకుంటుంది. ఇంట్లో పిల్ల లాంటిది."

"ఏడు వారాలూ బండిలో కుక్క ఎక్కకూడదన్నారు కదండీ."

"అది ఊళ్ళో కుక్కల సంగతి. ఎవరెవరివో, ఎక్కడెక్కడివో నీ బండిలో ఎక్కుతాయి కదా, అందుకని చెప్పేను. మన బన్నీకేం?"

ఆవిడ మొహంలో దురుసు లేదు, కల్మషమూ లేదు. అది చూసి దేవసహాయానికి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలిసి చేసిన తప్పైతే ఎక్కడో ఒకచోట తడబాటుండేది. ఆవిడకి తడబడవలసిన అవసరమే కనపడలేదు.

"పోయిన శుక్రవారం కాట్రేనికోన టీచరుగారి కుక్కని వ్యాను గుద్దేసిందండి. నన్ను రమ్మన్నారండి. మీ మొక్కుందని నేను పోలేదండి. మురమళ్ళ రోడ్డు పక్కన చచ్చిపోయిందండి అది," అన్నాడు. గొంతు పైకి లేస్తోంది. 'అండీ' మాత్రం ఎక్కడా జారలేదు.

"అయ్యయ్యో," అన్నారు సూర్యకుమారిగారు. మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత అడిగారు: "జాతి కుక్కేనా?"

దేవసహాయం తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. ఆవిడ అడిగింది కుక్క గురించే. కానీ ఆ ప్రశ్న ఆయనకి కొత్త కాదు. ఆ వాకిట్లో నిలబడి ఆయన తండ్రి విన్నదీ, తాతలు విన్నదీ అదే ప్రశ్న. అరుగు మీద కుర్చీ వేసినప్పుడు ఆ ప్రశ్న పోయిందనుకున్నాడు. పోలేదు, కుర్చీ కింద దూరింది అంతే.

"మంచి జాతండి. కాళ్ళు తుడుచుకుని ఎక్కే జాతండి," అన్నాడు.

ముందు సీట్లోంచి గంగాధరరావుగారు విసుక్కున్నారు. "ఏదో కుక్క పోయిందని పుణ్యానికి పోయే వేళ ఈ గోలేంటయ్యా? కావలిస్తే సీటు మీద గుడ్డ వేసుకుంటాం. పోనియ్, టైమైపోతోంది."

"అత్తయ్యగారండీ, నేనూ బన్నీ ఉండిపోతామండి. మీరు వెళ్ళి రండి," అంది హారిక మెల్లగా. ఆ వాకిట్లో సంగతి అర్థమైన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

"మీరెందుకమ్మా ఉండిపోవడం? బన్నీ ఏం తప్పు చేసిందండి?" అన్నాడు దేవసహాయం. "నా బండిలో కుక్కకి ఎప్పుడూ చోటుందండి. ఎంత కక్కినా, ఎంత తడిపినా కడుక్కున్నానండి. ఈ ఏడు వారాల్లో పట్టింది మాత్రం కడిగితే పోయేలా లేదండి. బాబుగారండీ, దిగండి."

రావుగారు కదల్లేదు. దేవసహాయమే అటువైపు తిరిగి వెళ్ళి తలుపు తీసి, చెయ్యందించి, ఆపరేషనైన మనిషిని జాగ్రత్తగా దింపాడు. కోపం కోపమే, గుండె జబ్బు గుండె జబ్బే. తర్వాత నాగసతీష్‌కి ఫోన్ చేసి వెంటనే ముక్తేశ్వరం రమ్మన్నాడు.

"అరగంటలో బండొస్తుందండి. మొక్కు చెడదండి. అతని బండిలో ఏ కుక్కా ఇంతవరకు ఎక్కలేదండి. మీ బన్నీని కూడా ఎక్కించుకోడండి."

సూర్యకుమారిగారు పూలబుట్టతోనే ఒక అడుగు ముందుకి వచ్చారు. "ఏమన్నానని ఇంత కోపం? ఎంత మర్యాదగా చూసేను నిన్ను!" అన్నారు. గొంతులో ఏడుపొచ్చేసింది.

అది నిజమే. అంత మర్యాదగా చూశారు కనుకే ఇంత దూరం వచ్చింది. దేవసహాయం బండి తిప్పాడు.

దారంతా మంటలే. అన్న మాటలన్నీ మళ్ళీ ఒకసారి అనుకున్నాడు, అనకుండా వదిలేసినవి కూడా చేర్చుకున్నాడు. అమలాపురం దాటేసరికి ఆ మాటలకి పదును ఇంకాస్త పెరిగింది. టీచరుగారికి ఇదంతా చెప్పాలి. ఎలా దింపేశాడో, ఏమన్నాడో చెప్పాలి. జాకీ కోసం ఒకడు నిలబడ్డాడని ఆవిడకి తెలియాలి. ఆవిడ వింటే ఈ వారం రోజుల బరువూ దిగిపోతుందని ఆయన ఆశ.

కాట్రేనికోనలో రత్నమాల టీచరు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. దేవసహాయం గేటు దగ్గరే నిలబడి మొత్తం చెప్పాడు. షాంపూ దగ్గర్నుంచి, జాతి కుక్కేనా అన్న దగ్గర్నుంచి, రావుగారిని దింపిన దగ్గరి దాకా. చెబుతూ చెబుతూ ఆయాసం వచ్చింది. టీచరు ఒక చీర దులిపి తీగ మీద వేసింది, అంచులు సరిచేసింది.

"వాళ్ళని దింపేసేనండి టీచరుగారండీ. ఇంక ఆ గుమ్మం తొక్కనండి," అన్నాడు చివరికి.

"వాళ్ళ మీద నాకు కోపం లేదు దేవసహాయం," అంది టీచరు. "వాళ్ళెవరో నాకు తెలియదు. జాకీ ఎవరో వాళ్ళకి తెలియదు."

"తప్పైపోయిందండి. మాట ఇచ్చేనని..."

"మాట ఇచ్చేవు, నిలబడ్డావు. నీ తప్పేముంది? తప్పు నాదే." ఆవిడ ఖాళీ బకెట్టు ఎత్తుకుంది. "పక్కింటివాళ్ళ కుర్రాడు అప్పుడే స్కూటీ తీసేడు, పదండి టీచర్ మధ్యలో పెట్టుకుని తీసుకుపోదాం అన్నాడు. నేనే వద్దన్నాను. కుదుపులకి దానికి నొప్పి చేస్తుంది, దేవసహాయం బండొస్తుందిలే అన్నాను. నీతో మాట్లాడేక చూస్తే ఆ అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయేడు."

ఆవిడ లోపలికి వెళ్ళింది. తలుపు విసురుగా వేయలేదు, రోజూ వేసుకున్నట్టే దగ్గరికి వేసుకుంది. దేవసహాయం గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ముక్తేశ్వరం నుంచి మోసుకొచ్చిన కోపమంతా అలాగే ఉంది. దాన్ని చూపించడానికి ఎదురుగా ఎవరూ లేరు.